నూట డెబ్బై ఎనిమిది రోజులు

మూడు వారాలని చెప్పి వచ్చాను. అమెరికాలో, వూస్టర్‌లో నేను పనిచేసే వృద్ధాశ్రమానికి ఇచ్చిన సెలవు చీటీలో అదే రాశాను, నాతో ఇల్లు పంచుకునే మా దేశపు గ్లాడిస్‌కీ అదే చెప్పాను. ఫిబ్రవరి ఇరవై నాలుగున మా దేశ రాజధాని అక్రాలో విమానం దిగి, కుమాసి మీదుగా మా ఊరు బొంక్రాసో చేరేసరికి పెద్దమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. అలికిడికి ఇటు తిరిగి నన్ను తల నుంచి కాళ్లదాకా చూసి, "అమెరికా నుంచి వచ్చావా, ఆస్పత్రి నుంచి వచ్చావా? ఆ మోకాళ్లేంటే?" అంది. అంత జబ్బులో ఉన్న మనిషికి కూడా నన్ను చూస్తే జాలేసింది.

పెద్దమ్మ మా అమ్మకి అక్క, ఊరికి రాజమాత. మాకు సింహాసనమంటే పీటే, ముప్పై ఒక్క ఏళ్లు దాని మీద కూర్చుంది. ఊరంతా ఆమెని గౌరవంగా నానా అని పిలిచేది. ఆమె ముందుకొచ్చేవాళ్లు ఎంతటివాళ్లయినా గుమ్మంలోనే చెప్పులు విడిచేవాళ్లు. నా కూతురు సఫోవాని పదిహేనేళ్లప్పుడు ఆమె చేతుల్లో పెట్టి నేను అమెరికా వెళ్లాను. పెళ్లి చేసుకుని నన్ను తీసుకెళ్లిన మనిషి 'పిల్ల సంగతి తర్వాత చూద్దాం' అంటూ రెండేళ్లు గడిపి, మూడో ఏట నన్నే వదిలించుకున్నాడు. ఆ గొడవ ఇక్కడ అనవసరం.

అవసరమైంది ఒక్కటే. నాకు అక్కడ శాశ్వత నివాసం ఉంది, పౌరసత్వం లేదు. ఆ నవంబరుకి ఐదేళ్లు నిండితే అర్జీ పెట్టుకోవచ్చు. సఫోవాకి పంతొమ్మిది. వచ్చే ఏడు సెప్టెంబరుకి ఇరవై ఒకటి నిండుతాయి. ఆలోగా నేను పౌరురాలినైతే, దాని పేరున నేను పెట్టిన దరఖాస్తు వరస దాటుకుని ముందుకొస్తుంది. కాకపోతే పెద్దవాళ్ల వరసలో పడి ఎనిమిదేళ్లో పదేళ్లో నిలబడాలి. అందుకని నేను ఆర్నెల్లు దాటి ఒక్క విడత కూడా దేశం బయట ఉండకూడదు. ఉంటే ఐదేళ్ల లెక్క మళ్లీ మొదటికొచ్చి కూర్చుంటుంది. ఆ ఆర్నెల్ల గడువు ఆగస్టు ఇరవై రెండు. మూడు వారాలకి వచ్చినదానికి ఆ తేదీతో పనేముందిలే అనుకున్నాను.

అయినా పెద్దమ్మ గదిలో చర్చివాళ్లు పంచిన క్యాలెండరు వేలాడుతుంటే, రోజూ పొద్దున్నే ఆ రోజు గడిలో పెన్నుతో చిన్న చుక్క పెట్టేదాన్ని. ఐదేళ్లుగా ఒంటికి పట్టిన అలవాటు. ఎక్కడున్నా ముందు ఎన్నో రోజో చూసుకుని తర్వాత మొహం కడుక్కుంటాను.

మార్చి పన్నెండున పెద్దమ్మ ఊరికి వెళ్లింది. మా దగ్గర పీట మీద కూర్చున్నవాళ్లు చచ్చిపోరు, పొలాల అవతలి ఊరికి వెళతారు. ఎవరూ పైకి ఏడవకూడదు, పోయిందన్న మాట నోట రాకూడదు. తెల్లారేలోపు మగవాళ్లు ఆమెని కుమాసి తీసుకెళ్లి శవాగారంలో ఉంచి వచ్చారు. మర్నాడు ఇంటికొచ్చినవాళ్లంతా నానా ఎలా ఉన్నారని అడిగి, ఊరికెళ్లారంటే తలూపి, తెచ్చిన అరటి గెల గుమ్మంలో పెట్టి వెళ్లారు. ఐదేళ్లలో నేను ఆశ్రమంలో పదిహేడుమంది ముసలివాళ్ల కళ్లు మూశాను. ప్రతిసారీ ఒక ఫారం నింపి సంతకం పెట్టాను. నన్ను పెంచిన మనిషికి మాత్రం ఏడవడానికి కూడా లేకపోయింది.

సెలవు పొడిగించమని గ్లాడిస్‌తో చెప్పించాను. రెండో రోజే ఫోన్ చేసింది.

"సూపర్‌వైజరు అడుగుతోందే, ముసలావిడ పోయినట్టా పోనట్టా అని. కాగితమేదో కావాలంట."

"ఊరికెళ్లిందని చెప్పు."

"చెప్పా. అయితే ఆవిడ తిరిగొచ్చాకే సెలవు తీసుకోమను అంటోంది."

నవ్వొచ్చింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాను. గ్లాడిస్ కూడా అదే ఏడు పౌరసత్వానికి అర్జీ పెట్టే పనిలో ఉంది. ఆదివారాలు ఫోన్లో ఆ ఫారంలోని ప్రశ్నలు నాకు చదివి వినిపించేది. మీరెప్పుడైనా పచ్చి తాగుబోతుగా ఉన్నారా, మీరెప్పుడైనా ప్రభుత్వాన్ని కూలదోశారా, మీకు వంశపారంపర్యంగా వచ్చిన రాచ బిరుదేమైనా ఉందా, ఉంటే వదులుకుంటారా. ఆ చివరి ప్రశ్న దగ్గర దానికి ప్రతిసారీ నవ్వు ఆగేది కాదు. ముసలాళ్లకి ఒళ్లు తుడిచేవాళ్లని పట్టుకుని ఏం అడుగుతున్నారో చూడవే అనేది.

ఏప్రిల్ ఇరవై ఆదివారం, 'అదే' అని మేము పిలిచే పండుగ. పూర్వీకుల పీటలకి నైవేద్యం పెట్టే రోజు. ఆ రోజు పెద్దలు మా వాకిట్లో కూర్చున్నారు. మా వంశానికి పెద్ద ఆంట్వి మావయ్య. అమ్మకీ పెద్దమ్మకీ తమ్ముడు. డెబ్బై దాటినా కోకో తోటకి నడిచే వెళతాడు. ఆయన పక్కన కర్ర పట్టుకుని ఓక్యామే నిలబడ్డాడు. కొలువులో రాజుతోగానీ రాజమాతతోగానీ ఎవరూ నేరుగా మాట్లాడరు. ఓక్యామేకి చెబితే ఆయన వాళ్లకి చెబుతాడు, వాళ్ల జవాబు మళ్లీ ఆయన నోటి నుంచే వస్తుంది. సాయంత్రందాకా గొంతులు లేచి, తగ్గి, మళ్లీ లేచి చివరికి ఒక మాటకొచ్చారు. ఇవాళ్టి నుంచి మూడు నలభైలు గడిచాక వచ్చే 'అదే' నాడు కొత్త రాజమాతని పీట ఎక్కించాలి, ఆ ముందు వారం పెద్దమ్మని ఇంటికి తెచ్చి సాగనంపాలి. అప్పటిదాకా ఇంటి ఆడవాళ్లలో పెద్దది కదలకూడదు. ఆ పెద్దదాన్ని నేనే.

మూడు నలభైలు నూట ఇరవై. ఫోన్లో కొట్టి చూస్తే ఆగస్టు పద్దెనిమిది తేలింది. నా గడువు ఇరవై రెండు. ప్రాణం లేచొచ్చింది. ఇప్పుడు వెళ్లి మళ్లీ రావాలంటే రెండు టిక్కెట్లు, రెండు సెలవులు, నాలాంటిదానివల్ల అయ్యే పని కాదు. ఉండి, పనంతా ముగించుకుని, ఒక్కసారే వెళ్లొచ్చు. ఆగస్టు ఇరవై రాత్రి విమానానికి టిక్కెట్టు మార్పించుకున్నాను. ఆశ్రమంవాళ్లు జీతం లేకుండా ఉంటే ఉండమన్నారు. సఫోవాతో చెబితే "మంచిదమ్మా" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

వానలు మొదలయ్యాయి. మా ఇంటి వెనక అడవిలో నత్తలు బయటికొచ్చే కాలమది. సఫోవా చీకటితోనే లేచి బుట్టెడు ఏరుకొచ్చేది. నేను మెట్టు మీద కూర్చుని వాటిని నిమ్మరసంతో కడిగేదాన్ని. ఐదేళ్ల తర్వాత కూతురి పక్కన కూర్చున్నాను కాబట్టి అది ఏం చేస్తోందో కన్నా నేనేం చెప్పాలనుకున్నానో అదే నాకు ఎక్కువగా కనిపించింది. అక్కడ మంచు ఎలా ఉంటుందో, ఏ బస్సు ఎక్కాలో, ఏ కోర్సు చదివితే నర్సు కావచ్చో రోజూ చెప్పేదాన్ని. రాయబార కార్యాలయంలో ఏం చదువుతావని అడిగితే ఏం చెబుతావే అంటే, "నువ్వేం చెప్పమంటే అది చెప్తా" అనేది. ఎంత బుద్ధిమంతురాలో అనుకుని మురిసిపోయాను.

ఒకరోజు ఇద్దరు ఆడవాళ్లు పెద్దగా అరుచుకుంటూ మా వాకిట్లోకి వచ్చారు. సంతలో చెట్టునీడన నత్తలమ్మే చోటు గురించి తగువు. రాజమాత ఊరికెళ్లిందిగా, మళ్లీ రండి అని నేను పంపించేయబోయాను. సఫోవా చేతులు కడుక్కుని వచ్చి వాళ్లని బెంచీ మీద కూర్చోబెట్టింది. ఇద్దరి అమ్మమ్మల పేర్లూ చెప్పింది. ఆ ఇద్దరూ ఏ ఏడు ఏ ఇంట్లో ఒకే పొయ్యి మీద వండుకున్నారో చెప్పింది. ఒక వారం నీడ నీది, మరో వారం తనది, అంతే అంది. వాళ్లు గొణుక్కుంటూనే ఒప్పుకుని, వెళ్తూ గుమ్మంలో విడిచిన చెప్పులు తొడుక్కున్నారు. వానాకాలం కదా, బురదని విడిచారేమో అనుకున్నాను.

పెద్దమ్మ జబ్బు పడ్డాక ఏడాదిన్నర పాటు ఆమెకి స్నానం చేయించింది, ఆమెని ఎత్తింది, పక్క మార్చింది సఫోవాయే. ఆ సంగతి దాని నోట రాలేదు. ఓక్యామే భార్య చెబితే తెలిసింది. నేను ఎవరెవరికో అదే పని చేసి సంపాదించి ఇంటికి పంపుతున్నప్పుడు ఇక్కడ నా పిల్ల ఆ పనే చేసిందన్నమాట. విన్న రోజు సిగ్గేసింది. సిగ్గు పడుతూనే, ఆశ్రమంలో దీనికి సులువుగా పని దొరుకుతుందని కూడా అనుకున్నాను. అలాంటి బుద్ధి నాది.

మే ముప్పైన రావాల్సిన 'అదే' పండుగ జూన్ ఒకటిన వచ్చింది. వానల వల్ల రెండు రోజులు జరిపారనుకున్నాను. ఆ తర్వాతది జూలై తొమ్మిదిన రావాలి. ఆ రోజు పొద్దున్నే తలంటుకుని తెల్లబట్ట కట్టుకుని వాకిట్లోకొస్తే ఎవరి పనుల్లో వాళ్లున్నారు. సఫోవా ఫుఫూ ముద్ద కోసం ఉడికిన దుంపలు దంచుతోంది.

"ఎక్కడికమ్మా తయారయ్యావు?"

"'అదే' పండుగ కదే ఇవాళ."

రోకలి ఆపేసింది. "ఇవాళ బుధవారం. మన పెద్ద 'అదే' ఆదివారం కదా వచ్చేది."

"నలభై అయిపోయాయి. లెక్కేసుకున్నాను."

నావైపు చూసి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ రోకలి పట్టుకుని నిలబడింది. "అమ్మా, నలభై అంటే నలభై రెండు. చిన్నపిల్లలకి కూడా తెలుసు. నలభయ్యో రోజు ఆదివారం ఎలా వస్తుంది? ఏ ఊళ్లో ఉంటున్నావు నువ్వు?" అంది.

నిజమే, నాకూ తెలుసు. పుట్టినప్పటి నుంచి తెలుసు. ఆరు వారాలకి ఒకసారి తిరిగొచ్చేదాన్ని నలభై అంటాం మేము, వారాన్ని ఎనిమిది రోజులన్నట్టు. అమెరికా నాకు గడులు లెక్కపెట్టడం నేర్పింది, దాంతో ఇది మరిచిపోయాను. లోపలికెళ్లి క్యాలెండరు ముందు నిలబడ్డాను. ఆగస్టు పద్దెనిమిది సోమవారం. మూడో 'అదే' ఇరవై నాలుగు, ఆదివారం. నా గడువు దాటి రెండు రోజులు. మంచం మీద కూలబడ్డాను. సఫోవా వెనకే వచ్చి క్యాలెండరు చూసింది. అప్పుడు నవ్వలేదు.

ఇరవై నాలుగు దాకా ఉండలేనని చెప్పడానికి ఆంట్వి మావయ్య దగ్గరికి వెళ్లాను. పెద్దమ్మని సాగనంపేది పదహారున, అది చూసుకునే వెళ్తానని, పీట ఎక్కే రోజున నేను లేకపోతే కొంపేం మునగదని చెప్పాను. ఆయన నా మాట పూర్తిగా విని, లోపలి నుంచి స్నాప్స్ సారా సీసా తెచ్చి నా ముందు పెట్టాడు. సీలు కూడా తీయని సీసా.

"పీట ఎక్కేదానివి నువ్వు లేకుండా ఎలా కుదురుతుందే?" అన్నాడు.

నలభై ఏడేళ్లదాన్ని, మోకాళ్లు అరిగినదాన్ని, నన్నేం చేసుకుంటారు మావయ్యా అన్నాను. ఆయన తొణకలేదు. మా వంశంలో రెండిళ్లున్నాయి, మాది పైఇల్లు, కిందిఇంట్లో పెళ్లయి పిల్లలున్న ఆడమనిషి సిద్ధంగా ఉంది. పైఇంటి నుంచి ఎవరూ లేకపోతే పీట కిందిఇంటికి పోతుంది. ఒకసారి పోయిందంటే నా మనవరాళ్లకి కూడా తిరిగి రాదు. సఫోవా ఉంది కదా అనబోయి ఆగాను. నేను అనకుండానే ఆయన అందుకున్నాడు.

"పిల్లదాన్ని చూశాం. ఇంకా పసిది. పైగా దాన్ని నువ్వు తీసుకెళ్తున్నావని ఊరంతటికీ తెలుసు. నువ్వేగా చెప్పావు అందరికీ."

"నేనూ వెళ్లాలి మావయ్యా. వెళ్లకపోతే దానికి దారి మూసుకుపోతుంది."

"అక్కడ నిన్ను చూడగానే ఎవరు లేచి నిలబడతారే?" అని అడిగాడు. వెక్కిరింపుగా కాదు, తెలుసుకోవాలనే అడిగాడు. నా దగ్గర ఉన్నవాళ్లలో చాలామంది లేవలేనివాళ్లే అని చెప్పాను. సీసా ఇంటికి తీసుకెళ్లి ఆలోచించుకోమన్నాడు. మూత తీయమన్న కబురుతో సీసా పంపితే ఒప్పుకున్నట్టు, ఊరికే తిప్పి పంపితే కాదన్నట్టు.

నెల రోజులకి పైగా ఆ సీసా పెద్దమ్మ గదిలో, క్యాలెండరు కింద కూర్చుంది. రోజూ చుక్క పెడుతూ దాన్ని చూసేదాన్ని. ఫోన్లో గ్లాడిస్‌కి చెబితే మొదట నవ్వింది, తర్వాత నవ్వడం మానేసింది. పట్టేసుకుంటారే నిన్ను, మా మేనమామని పీట కోసం అలాగే పట్టి మూడు వారాలు గదిలో పెట్టారు, పాస్‌పోర్టు దిండు కింద పెట్టుకుని పడుకో అంది. నిజంగానే దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. మొదట్లో నాకు అందులో భయం తప్ప ఇంకేమీ లేదు. తర్వాత్తర్వాత ఒకటి రెండు పొద్దుల్లో, ఇంక ఎక్కడికీ పోకుండా ఎవరైనా నన్ను నిజంగానే పట్టేసుకుంటే బాగుండునని కూడా అనిపించింది. అంత అలిసిపోయి ఉన్నాను. రెండు దేశాల్లోనూ నేను పడుకుంటే అడిగేవాళ్లు లేరు, లేస్తే పనులు మాత్రం ఉన్నాయి.

ఆగస్టు పదహారున పెద్దమ్మని ఇంటికి తెచ్చి సాగనంపాం. అప్పటికి ఏడవడానికి అనుమతి ఉంది, ఏడుపు మాత్రం రాలేదు. సోమవారం పద్దెనిమిది. నా తప్పు లెక్కలో పండుగ రోజు. పొద్దున్నే సీసాని గుడ్డలో చుట్టి సఫోవా చేతికిచ్చాను. మావయ్య మొహం చూసి నేను కాదనలేను, నువ్వెళ్లి ఇచ్చిరా, అమ్మ మోకాళ్లు లేవనివ్వడం లేదని చెప్పు అన్నాను. అబద్ధమే. నాకు ధైర్యం చాల్లేదు. అది సీసా అందుకుని, "ఇంకేమైనా చెప్పమంటావా?" అని అడిగింది. ఇంకేం లేదన్నాను. వెళ్లి తలదువ్వుకుని, మంచి బట్ట కట్టుకుని బయల్దేరింది. సీసా తిప్పి ఇవ్వడానికి అంత తయారవడం ఎందుకో నాకు తట్టలేదు. నేను పెట్టె సర్దుకుంటున్నాను.

మధ్యాహ్నానికి వచ్చింది. చేతిలో సీసా లేదు. మెడ మీదా భుజాల మీదా తెల్లసుద్ద పూసి ఉంది. వెనక ఓక్యామే భార్యా, మరో ఇద్దరు ముసలమ్మలూ వచ్చి వాకిట్లోనే ఆగిపోయారు.

"తిప్పి ఇవ్వలేదమ్మా," అంది. "మూత తీయించాను."

"ఎవరికోసం?"

అది చెప్పాల్సిన పని లేదు, ఆ సుద్ద పీటకి ఎంపికైనవాళ్లకే పూస్తారు. నేను మడత పెడుతున్న బట్ట పక్కన పడేసి మంచం మీద కూర్చున్నాను. మావయ్య పసిదన్నాడుగా అని అడిగాను. పెద్దమ్మకి ఏడాదిన్నర పాటు ఎవరు చేశారో ఓక్యామే భార్య లేచి చెప్పిందట, నత్తలమ్మేవాళ్లిద్దరూ వచ్చి చెప్పారట, మావయ్య చాలాసేపు నేలకేసి చూసి మూత తిప్పాడట. అదంతా ఏదో సంత కబురులా చెప్పింది.

నాకు కోపం వచ్చింది. జీవితంలో అంత కోపం ఎప్పుడూ రాలేదు. "నీకోసం కదే ఐదేళ్లు ఎవరెవరి పక్కగుడ్డలో మార్చాను," అన్నాను.

"నేనూ మార్చాను కదమ్మా. ఇక్కడ."

"ఎల్లుండి విమానంలో నేను ఎవరికోసం వెళ్లాలి ఇప్పుడు?"

"నువ్వు వెళ్లకపోతే నీ ఐదేళ్లూ పోతాయి. వెళ్లు." సుద్ద అంటుకుంటుందని కాబోలు నన్ను తాకకుండా పక్కన నిలబడి మెల్లగా అంది. "వస్తావా అని నువ్వు నన్ను ఒక్కసారి కూడా అడగలేదమ్మా."

అడగలేదు. ఐదేళ్లలో వందసార్లు ఫోన్ చేసి ఉంటాను. ఎప్పుడొస్తావన్నాను, ఎలా వస్తావన్నాను, ఏం తెచ్చుకోవాలో చెప్పాను. ఆ ఒక్కటీ అడగలేదు. నా విమానం కోసం ఒప్పుకుందో, నిజంగానే దానికి ఇష్టమై ఒప్పుకుందో ఆ రోజూ అడగలేకపోయాను. ఏ జవాబు వచ్చినా భరించలేననిపించింది.

పీట ఎక్కేదాకా ఎంపికైన మనిషి గది దాటకూడదు, ఒట్టి కాళ్లు నేలకి తగలకూడదు. అందుకని బుధవారం పొద్దున నేను బయల్దేరేటప్పుడు నా కూతురు కారుదాకా రాలేదు. నేనే లోపలికి వెళ్లాను. గుమ్మంలో ఓక్యామే కర్రతో నిలబడి ఉన్నాడు. లోపల సఫోవా పెద్దమ్మ కుర్చీలో, కాళ్ల కింద గొర్రెతోలు వేసుకుని కూర్చుంది. భుజాల మీద బట్ట వేసుకోవడం కూడా పెద్దమ్మ పద్ధతే. నేను అడుగు లోపల పెట్టబోయాను. ఆంట్వి మావయ్య పక్క నుంచి నా కాళ్లవైపు చూశాడు. నేను ఆగి, గోడ పట్టుకుని, ఒకటి తర్వాత ఒకటి చెప్పులు విడిచాను. నేల చల్లగా ఉంది.

"ఓక్యామే, వేళకి తినమని చెప్పండి," అన్నాను.

ఓక్యామే అటు తిరిగి, "నానా, మీ అమ్మగారు వేళకి భోంచేయమంటున్నారు," అన్నాడు. ఆరడుగుల దూరంలో ఉంది అది. నా మాట వినపడింది, నేను ఏడవకుండా ఆపుకోవడం కూడా కనపడింది. ఓక్యామే చెప్పేదాకా ఆగి, అప్పుడు తలూపింది. తర్వాత ఆయనతో ఏదో అంది. ఆయన నావైపు తిరిగాడు.

"మోకాళ్లకి డాక్టరుకి చూపించుకోమంటున్నారు," అన్నాడు.

ఆ రాత్రి అక్రాలో విమానం ఎక్కాను. క్యాలెండరు అక్కడే వదిలేశాను.

నవంబరులో గ్లాడిస్ దగ్గర కూర్చుని అర్జీ నింపాను. రాచ బిరుదుల ప్రశ్న వచ్చినప్పుడు అది నవ్వలేదు, నేనూ నవ్వలేదు. ఏప్రిల్‌లో ఇంటర్వ్యూకి పిలిచారు. అధికారి కుర్రవాడు, జలుబు చేసి ఉన్నాడు, మర్యాదస్తుడు. ఈ ఐదేళ్లలో ఎక్కువ కాలం బయట ఉన్నది ఎప్పుడని అడిగాడు. నిరుడు, నూట డెబ్బై ఎనిమిది రోజులని చెప్పాను. తెర మీద లెక్క చూసుకుని, సరిగ్గా సరిపెట్టుకున్నారే అన్నాడు. ఎందుకు వెళ్లారన్నాడు. మా పెద్దమ్మ చనిపోయిందన్నాను. ఊరికి వెళ్లిందంటే ఆయనకి అర్థం కాదు కదా. ఆ మాట నా నోట రావడం అదే మొదటిసారి. ఆయన ముక్కు తుడుచుకునే కాగితాల పెట్టె నావైపు జరిపాడు.

తర్వాత ఒకదాని వెంట ఒకటి అడుగుతూ వెళ్లాడు. తాగుబోతునా, కాదు. ప్రభుత్వాన్ని కూలదోశానా, లేదు. వంశపారంపర్యంగా వచ్చిన బిరుదు ఏదైనా ఉందా. లేదన్నాను, అది నిజమే.

"పిల్లలు ఒక్కరే," అని చదివాడు. "సఫోవా. వయసు ఇరవై. ఆ అమ్మాయి దరఖాస్తు కూడా మీ పేరు మీదే ఉంది. సంతోషించండి, మీరు ప్రమాణం చేసిన రోజు నుంచి ఇక ఆమెకి వరసంటూ ఉండదు. ఎప్పుడైనా రావచ్చు."

కృతజ్ఞతలు చెప్పాను. సంతకాలు చేయించుకుని, అయిపోయింది, లేవచ్చన్నాడు. లేవబోతే ఒట్టి కాళ్లకి నేల చల్లగా తగిలింది. ఆయన సఫోవా పేరు చదివినప్పుడే బల్ల కింద విడిచినట్టున్నాను, నాకే తెలియలేదు. మోకాళ్లు పట్టుకుని వంగి వెతుక్కుంటుంటే, ఏమైనా పడిపోయిందా అని అడిగాడాయన. ఏం లేదు, నా చెప్పులే అని చెప్పాను.